ఆకాశంలో వింత వెలుగు కనిపిస్తే ఏం చేయాలి?

వింత వెలుగు కనిపించిన మొదటి రెండు నిమిషాల్లో అది ఏమిటో తేల్చే పని పెట్టుకోకండి. 'యూఎఫ్‌ఓ' (ఏమిటో తెలియని ఎగిరే వస్తువు) అని అరవకండి, 'డ్రోనేలే' అని కొట్టిపారేయకండి. ఒకసారి పేరు పెట్టామంటే కన్ను ఆ పేరుకు తగ్గట్టే చూడటం మొదలుపెడుతుంది.

ఎగిరే పళ్లెం అనే మాట పుట్టిందే అలా. 1947 జూన్ 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ మౌంట్ రెయినియర్ పర్వతం దగ్గర వరసగా తొమ్మిది మెరిసే వస్తువుల్ని చూశాడు. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తుంది కదా, అలాగే నీటి మీద సాసర్ విసిరినట్టు అవి కదిలాయని చెప్పాడు. అది కదలిక గురించి అన్న మాట. పత్రికలు దాన్ని ఆకారానికి అంటగట్టి 'ఎగిరే పళ్లాలు' అని అచ్చేశాయి. ఆ తర్వాత చాలామందికి పళ్లాలే కనిపించాయి! కానీ ఆర్నాల్డ్ ఒక మంచి పని కూడా చేశాడు. విమానంలోని గడియారం చూసి, ఆ వస్తువులు రెయినియర్ నుంచి మౌంట్ ఆడమ్స్ దాకా వెళ్లడానికి ఒక నిమిషం 42 సెకన్లు పట్టిందని లెక్కపెట్టుకున్నాడు. పళ్లెం కథ లోకమంతా పాకింది. పరిశోధనకు పనికొచ్చేది మాత్రం ఆ ఒక నిమిషం 42 సెకన్లే.

అందుకే ముందు కొలవండి, రాయండి. పేరు తర్వాత పెట్టొచ్చు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు, సమయం సరిగ్గా చూపే ఫోను. ఇంట్లో గోడ గడియారాన్ని నమ్మకండి, చాలా ఇళ్లలో దాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి పెడతారు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది. తెల్ల వెలుగు ఒక్కసారి కంట్లో పడితే మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర వెలుగుతో ఆ బాధ తక్కువ.

ఎత్తు కొలిచే పరికరం మీరే చేసుకోవచ్చు. కంపాస్ బాక్సులోని కోణమాని, ఒక స్ట్రా, 30 సెంటీమీటర్ల దారం, ఒక ఇనుప నట్టు చాలు. కోణమాని తిన్నటి అంచు వెంట స్ట్రాను టేపుతో అంటించండి. మధ్యబిందువు దగ్గర దారం కట్టి చివర నట్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి నేరుగా ఎదురుగా చూస్తే దారం 90 దగ్గర ఉంటుంది. పైకి చూసేకొద్దీ దారం జరుగుతుంది. 90కీ, దారం చూపే అంకెకీ ఉన్న తేడాయే ఎత్తు. దారం 70 మీద ఆగితే వెలుగు 20 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. ఒకరు చూడాలి, పక్కనున్నవాళ్లు దారాన్ని వేలితో నొక్కి పట్టుకుని అంకె చదవాలి. ఒక్కరే రెండు పనులూ చేయబోతే చెయ్యి కదిలి ఐదారు డిగ్రీలు తేడా వస్తుంది. దీనితో సూర్యుణ్ని మాత్రం ఎప్పుడూ చూడొద్దు.

పరికరం చేతిలో లేనప్పుడు చెయ్యే పరికరం. చెయ్యి పూర్తిగా చాపితే చిటికెన వేలు వెడల్పు సుమారు 1 డిగ్రీ, పిడికిలి 10, జాన 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. చిన్నవాళ్ల చెయ్యి పొట్టి, వేళ్లూ సన్నం. అందుకని లెక్క పెద్దగా మారదు.

దిక్కు కోసం ఫోన్లో కంపాస్ ఉంటుంది గానీ, మేడ మీద అది తప్పుతుంది. స్లాబులో ఇనుప చువ్వలు, నీళ్ల ట్యాంకు దగ్గర మోటారు, అయస్కాంతంతో మూసుకునే ఫోను కవరు, ఇవన్నీ ముల్లును లాగేస్తాయి. పగలే ఒకసారి మీ ఇంటి నాలుగు మూలల నుంచి కనిపించే గుర్తుల్ని (సెల్ టవరు, గుడి గోపురం, కొబ్బరిచెట్టు) దిక్కులతో సహా కాగితం మీద వేసుకోండి. ఈశాన్యం ఏదో, నైరుతి ఏదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాస్తు పుణ్యమా అని అది మన ఇళ్లలో అందరికీ తెలుసు.

మేడకు పిట్టగోడ లేకపోతే కూర్చునే చూడండి. తల పైకెత్తి వెనక్కి నడిచేవాళ్లు పడిపోతారు.

మొదటి రెండు నిమిషాలు

వెలుగు కనిపించగానే సమయం బిగ్గరగా చెప్పండి, పక్కవాళ్లకు గుర్తుంటుంది. ఆ తర్వాత గోడకో స్తంభానికో తల ఆనించి, ఆ వెలుగును యాంటెన్నా కొసకో తాటాకు అంచుకో సరిగ్గా ఆనుకున్నట్టు పెట్టుకుని అర నిమిషం చూడండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. చీకట్లో ఒంటరి చుక్కను తదేకంగా చూస్తే, అది కదలకపోయినా అటూ ఇటూ ఊగుతున్నట్టు, గంతులేస్తున్నట్టు కనిపిస్తుంది. పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేకపోవడం వల్ల మన కంటి చిన్న కదలికలనే మెదడు ఆ చుక్కకు అంటగడుతుంది. యాంటెన్నాను ఆనుకున్న చుక్క అర నిమిషం తర్వాతా అక్కడే ఉంటే అది 'జిగ్‌జాగ్‌గా తిరిగింది' అని రాయకండి.

రంగు, మెరుపు, మెరిసే వ్యవధి రాయండి. 'మెరుస్తోంది' అంటే చాలదు, ఎన్ని సెకన్లకోసారి మెరుస్తోందో కావాలి. 1980 డిసెంబరు చివర్లో ఇంగ్లండులోని రెండల్‌షామ్ అడవిలో అమెరికా వైమానిక స్థావరం సైనికులు చెట్ల మధ్య వింత వెలుగు చూశామన్నారు. వాళ్లలో ఒక అధికారి టేప్ రికార్డరు పట్టుకుని అక్కడికి వెళ్లి, చూసింది చూసినట్టు రికార్డు చేశాడు. ఆ టేపులో వెలుగు కనిపించిందని చెప్పిన మాటల మధ్య ఐదేసి సెకన్ల ఎడం ఉంది. అదే దిక్కులో సముద్రతీరాన ఉన్న ఆర్‌ఫర్డ్‌నెస్ దీపస్తంభం కూడా ఐదు సెకన్లకోసారి వెలిగేది. అక్కడ అసలేం జరిగిందన్న దాని మీద వాదనలు ఇంకా ఆగలేదు. కానీ ఆ టేపు లేకపోతే ఐదు సెకన్ల సంగతే ఎవరికీ తెలిసేది కాదు.

శబ్దం వస్తే, వెలుగు కనిపించాక ఎన్ని సెకన్లకు వినిపించిందో లెక్కపెట్టండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది.

సైజు సంగతి

"ఎంత ఉంది తాతా?"

"తాటికాయంత ఉందిరా!"

ఈ సమాధానాన్ని యథాతథంగా రాసుకోండి గానీ, లెక్కకు పనికిరాదు. తాటికాయ ఎంత దూరంలో ఉందో తెలియకుండా తాటికాయంత అంటే ఏమిటి? పది గజాల్లో ఉన్న తాటికాయ వేరు, ఊరి చివర ఉన్న తాటికాయ వేరు. అందుకని రెండో ప్రశ్న ఇలా అడగండి: "చెయ్యి చాపి కందిగింజ పట్టుకుంటే దాని వెనక దాగిపోయేదా, పైకి కనిపించేదా?"

ఒక రాత్రి చందమామతో ఈ ప్రయోగం చేసి చూడండి. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, కందిగింజ అడ్డుపెడితే నిండు చందమామ మొత్తం దాని వెనక దాక్కుంటాడు. చందమామ వెడల్పు ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు, చందమామను మనసులో అంత పెద్దగా పెట్టుకుంటాం. అందుకే 'చందమామంత పెద్దది' అని చెప్పిన సాక్ష్యాన్ని కూడా గింజతో సరిచూడాలి.

దూరం, ఎత్తు, వేగం ఒక్కచోట నుంచి చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. పైలట్లూ పొరబడతారు. రెండుచోట్ల నుంచి చూస్తే మాత్రం ఎనిమిదో తరగతి లెక్కలతోనే తేలిపోతుంది. మీ ఇంటి మేడకూ స్నేహితుడి మేడకూ మధ్య 500 మీటర్ల దూరం ఉందనుకుందాం. ఫోనులో మాట్లాడుకుంటూ 'ఇప్పుడు' అనగానే ఇద్దరూ ఒకేసారి కొలవాలి. ఒకరి ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి గీసిన గీతతో ఆ వెలుగున్న దిక్కు చేసే కోణం మీ దగ్గర 80 డిగ్రీలు, అతని దగ్గర 70 వచ్చిందనుకోండి. కాగితం మీద సెంటీమీటరుకు 100 మీటర్ల చొప్పున 5 సెంటీమీటర్ల గీత గీసి, రెండు కొసల దగ్గరా ఆ కోణాలు వేయండి. గీతలు మీ వైపు నుంచి సుమారు 9.4 సెంటీమీటర్ల దగ్గర కలుస్తాయి. అంటే నేల మీద 940 మీటర్ల దూరం. మీ నట్టు పరికరం 20 డిగ్రీల ఎత్తు చూపిందా? ఇంకో త్రిభుజం గీయండి: అడుగున 9.4 సెంటీమీటర్లు, మూల 20 డిగ్రీలు. నిలువు గీత 3.4 సెంటీమీటర్లు వస్తుంది, ఎత్తు 340 మీటర్లు. ఆ ఎత్తులో గాలి వాటున సాగే నారింజరంగు వెలుగు స్కై లాంతరు అయ్యే అవకాశమే ఎక్కువ.

రెండు గీతలూ ఎంతకీ కలవకపోతే, అంటే రెండు కోణాలు కలిపితే 180 వస్తే, అదీ జవాబే. ఆ వస్తువు మీ 500 మీటర్ల గీతతో కొలవలేనంత దూరంలో ఉంది. ఈ లెక్క తప్పేది ఎక్కువగా ఒకే కారణంతో: ఇద్దరూ ఒకే క్షణంలో కొలవరు. పది సెకన్ల తేడా వచ్చినా కదిలే వెలుగు విషయంలో లెక్క చెడిపోతుంది.

ఫోనుతో తీసేటప్పుడు

జూమ్ చేయొద్దు. ఫోకస్ కుదరని చిన్న చుక్క జూమ్‌లో పెద్ద పళ్లెంలా, అంచులున్న వజ్రంలా కనిపిస్తుంది. అది లెన్సు సృష్టి, ఆకాశంలోది కాదు. వీడియోలో మేడ అంచో చెట్టుకొమ్మో తప్పక పడాలి, లేకపోతే కదిలింది వెలుగా, మీ చెయ్యా అన్నది ఎవరూ చెప్పలేరు. ఫోనును గోడ మీద ఆనించి కనీసం 30 సెకన్లు ఆపకుండా తీయండి. తీస్తూనే సమయం, దిక్కు, ఊరు నోటితో చెప్పండి.

వీధి దీపం ఫ్రేములో ఉంటే లెన్సులో దాని నీడలాంటి ఆకుపచ్చ చుక్క పడుతుంది. ఫోనును కొంచెం పక్కకు తిప్పండి. దీపం ఎటు జరిగితే ఆ చుక్క దానికి ఎదురుగా జరుగుతుంది. కంటికి కనిపించకుండా ఫోటోలో మాత్రమే కనిపించే 'యూఎఫ్‌ఓ'లలో ఎక్కువ భాగం ఇవీ, లెన్సుకు దగ్గరగా ఎగిరిన పురుగులూనే. కిటికీ అద్దం లోపలి నుంచి తీస్తే గదిలోని ట్యూబ్‌లైటు ఆకాశంలో తేలుతుంది.

తీసిన ఫైలును వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫైలును ఫోనులోంచి చెరపకండి.

మర్నాడు చేసే వడపోత

మొదట ఖర్చులేని పరీక్ష. మర్నాడు అదే చోట, అదే సమయానికి వెళ్లి నిలబడండి. నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తాయి. గ్రహాలు కూడా ఒక్కరోజులో పెద్దగా స్థానం మారవు. వెలుగు మళ్లీ అక్కడే ఉంటే సగం కేసులు అక్కడితో సరి.

శుక్రుడు అందరికంటే ఘరానా దొంగ. మన సందెచుక్క, వేగుచుక్క రెండూ అతనే. సూర్యుడి నుంచి 47 డిగ్రీలకు మించి దూరం జరగడు కాబట్టి సాయంత్రం పడమటనో తెల్లవారుజామున తూర్పుననో ఉంటాడు. మన ప్రాంతంలో నడిరాత్రి కనిపించిన వెలుగైతే అది శుక్రుడు కాదని ధైర్యంగా కొట్టేయొచ్చు. గురుడు మాత్రం నడిరాత్రీ ఉంటాడు. బస్సు కిటికీలోంచి చందమామ మనతో పరుగెత్తినట్టే ఇవీ బండి వెంటపడతాయి. 'ఐదు కిలోమీటర్లు మమ్మల్ని వెంటాడింది' అన్న మాట వినగానే ముందు ఈ ఇద్దర్నీ వెతకండి. పెద్దవాళ్లు పొరబడరని అనుకోకండి. లద్దాఖ్‌లో పాంగోంగ్ సరస్సు దగ్గర మన సైనికులు 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా సరిహద్దు మీద వింత వెలుగుల్ని 329 సార్లు నమోదు చేశారు. చైనా గూఢచారి డ్రోన్లేమోనని అనుమానం. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు చూసి, అవి శుక్రుడూ గురుడూ అని తేల్చారు. పల్చని గాలి ఉన్న ఎత్తులో గ్రహాలు మరీ కాంతిగా కనిపిస్తాయి. సైనికులు తేదీలు, సమయాలు పద్ధతిగా రాశారు కాబట్టే అది తేలింది.

తేదీ తప్పితే ఏమవుతుందో చూడండి. అమెరికా అధ్యక్షుడు కాకముందు జిమ్మీ కార్టర్ జార్జియా రాష్ట్రంలో ఒక వింత వెలుగు చూశానని 1973లో ఫారం నింపాడు. చూసింది 1969 అక్టోబరులో అని రాశాడు. తర్వాత ఆ రోజు జరిగిన లయన్స్ క్లబ్ సమావేశం రికార్డు తీస్తే అది 1969 జనవరి 6 అని తేలింది. అక్టోబరు ఆకాశం వెతికినన్నాళ్లూ జవాబు ఎలా దొరుకుతుంది? జనవరి 6 సాయంత్రం పడమట శుక్రుడు వెలుగుతూనే ఉన్నాడు. అతను చూసింది శుక్రుణ్నేనా అన్న దాని మీద వేరే అభిప్రాయాలూ ఉన్నాయి. తేదీ దొరికాకే అసలు ఆ చర్చ మొదలైంది.

స్టెల్లేరియం అనే ఉచిత ఆప్‌లో ఊరు, తేదీ, సమయం ఇస్తే ఆ రాత్రి ఆకాశం ఎలా ఉందో చూపిస్తుంది. అందులో ఏమీ లేకపోతే కదిలేవాటి మీదికి వెళ్లాలి.

మెరవకుండా, ఒకే వెలుగుతో, మూడు నుంచి ఆరు నిమిషాల్లో ఆకాశం దాటేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. 400 కిలోమీటర్ల ఎత్తున 90 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది, మధ్యలో ఉన్నట్టుండి మాయమవుతుంది. మాయమైందంటే భూమి నీడలోకి వెళ్లిందని. మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్లిందో హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పూసల దండలా వరసగా వెళ్లే చుక్కలైతే స్టార్‌లింక్ ఉపగ్రహాలు, ప్రయోగించిన కొద్దిరోజుల దాకా అలా కనిపిస్తాయి. 2019 మేలో మొదటి 60 వెళ్లినప్పటి నుంచి ఫిర్యాదులకు కొదవలేదు. ఎరుపు, ఆకుపచ్చ, తెల్ల మెరుపు మూడూ ఉంటే విమానం. దానికి విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్ చూడండి, అయితే అన్ని సైనిక విమానాలూ అందులో కనిపించవు. ఒకటి రెండు సెకన్లలో చుక్క రాలినట్టు పోతే ఉల్క. నిమిషం పాటు ముక్కలు ముక్కలుగా నెమ్మదిగా సాగితే ఉల్క కాదు, వాతావరణంలోకి తిరిగొచ్చి కాలిపోతున్న రాకెట్ భాగమో ఉపగ్రహమో. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్రలో జనం చూసింది అదే. చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు కూడా పడింది, చైనా రాకెట్‌ది.

శ్రీహరికోట మనకు దగ్గర కాబట్టి ఇంకో సంగతి. సూర్యాస్తమయం తర్వాతో సూర్యోదయానికి ముందో రాకెట్ వెళ్తే, కింద మనకు చీకటిగా ఉన్నా పైన దాని పొగకు ఎండ తగులుతుంది. నీలం, తెలుపు కలిసిన పెద్ద విసనకర్రలా అది ఆకాశమంతా పరుచుకుంటుంది. క్షిపణి పరీక్షలదీ అదే తీరు. 2022 డిసెంబరు 15 సాయంత్రం బెంగాల్ జనాన్ని కంగారుపెట్టిన వెలుగు ఒడిశా తీరం నుంచి వెళ్లిన అగ్ని-5ది.

ఇక ఊళ్లో పుట్టే వింతలు. మబ్బు మీద గుండ్రటి మచ్చలు గిరగిరా తిరుగుతూ మధ్యకు చేరి మళ్లీ విడిపోతుంటే దగ్గర్లో ఫంక్షన్ హాలో నిమజ్జనమో ఉంది, అవి ఆకాశంలోకి తిప్పే షార్పీ లైట్లు. నీలంగా పైకి దూసుకెళ్లి తిరుగుతూ కిందికి దిగితే జాతరలో అమ్మే, రబ్బరు బ్యాండుతో కొట్టే ఎల్‌ఈడీ హెలికాప్టర్ బొమ్మ. సంక్రాంతి రాత్రయితే గాలిపటం దారానికి కట్టిన లైట్లు. వీధి దీపాల కాంతి కడుపు కింద పడితే రాత్రి ఎగిరే కొంగల గుంపు కూడా చప్పుడు లేని తెల్లటి బాణంలా సాగుతుంది. పూర్వం పొలాల్లో కదిలే వెలుగుల్ని కొరివి దయ్యాలన్నారు, ఇప్పుడు ఏలియన్లంటున్నాం.

కింద పడినది దొరికితే

తాకకండి. కనీసం 50 మీటర్ల అవతల నిలబడి, ఫోటో తీసి, పెద్దవాళ్లతో 112కు ఫోన్ చేయించండి. రాకెట్ ముక్కల్లో విషపు ఇంధనం మిగిలి ఉండొచ్చు.

తెలంగాణలో ఇది ఊహాగానం కాదు. హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఏళ్ల తరబడి పాలిథిన్ బెలూన్లకు హైడ్రోజన్ నింపి పంపుతోంది. విప్పారితే 50 నుంచి 85 మీటర్ల వెడల్పుంటాయి, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. ఆ ఎత్తులో 60 మీటర్ల బెలూన్ నెత్తిమీద ఉంటే చందమామలో ఐదో వంతు వెడల్పు కనిపిస్తుంది. నేల మీద ఇంకా తెల్లవారకముందే దానికి ఎండ తగులుతుంది కాబట్టి, ఎటూ కదలని తెల్లటి ముత్యంలా మెరుస్తుంది. పని అయ్యాక పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి, కొన్నిసార్లు వందల కిలోమీటర్ల దూరంలో. కొన్ని పెట్టెల్లో హై వోల్టేజీ ఉంటుందని, ముట్టుకోవద్దని ఆ సంస్థ ముందుగానే ప్రకటన ఇస్తుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలంలో దిగిన పెద్ద గుండ్రటి పెట్టెను చూసి ఊరంతా హడలిపోయింది. అది స్పెయిన్ కంపెనీ ఒకటి బెలూన్‌తో పరీక్షించిన ఖాళీ క్యాప్సూల్.

1947 వేసవిలో అమెరికాలోని రాస్‌వెల్ దగ్గర పశువుల కాపరికి దొరికింది కూడా రబ్బరు పీలికలు, వెండిరంగు రేకు, గట్టి కాగితం, పుల్లలు. సైన్యం మొదట 'ఎగిరే పళ్లెం దొరికింది' అని ప్రకటించి, వెంటనే మాట మార్చి 'వాతావరణ బెలూన్' అంది. సోవియట్ యూనియన్ అణు పరీక్షల్ని పసిగట్టడానికి ఎగరేసిన రహస్య బెలూన్ల వరస, మొగల్ ప్రాజెక్టుది, అని 1994లో వైమానిక దళం నివేదిక ఇచ్చింది. మాట మార్చడం వల్లే ఆ కథకు అంత ఆయుష్షు వచ్చింది.

'గ్రహాంతరవాసిని చూశా' అన్నవాళ్లతో

జె. అలెన్ హైనెక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1972లో దగ్గరి అనుభవాల్ని మూడు రకాలు చేశాడు: సుమారు 500 అడుగుల లోపు వస్తువును చూడటం మొదటిది, అది నేల మీదో చెట్ల మీదో ఆనవాలు వదిలితే రెండోది, అందులో జీవులు కనిపిస్తే మూడోది. మూడో రకం మీ ముందుకొస్తే నవ్వకండి. చెప్పేవాళ్లు చాలావరకు నిజాయితీపరులే, భయపడ్డ మాట నిజం.

సాక్షుల్ని విడివిడిగా కూర్చోబెట్టండి. 1994 సెప్టెంబరు 16న జింబాబ్వేలోని రువాలో ఏరియల్ స్కూలు పిల్లలు 62 మంది, ఆడుకునే వేళ పొదల దగ్గర వెండిరంగు వస్తువునూ నల్లటి ఆకారాల్నీ చూశామన్నారు. రెండు రోజుల ముందే ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతం ఆకాశంలో రాకెట్ భాగం మండుతూ వెళ్లి, అక్కడంతా అదే మాటగా ఉంది. విచారించడానికి వచ్చినవాళ్లు పిల్లల్ని గుంపులుగా మాట్లాడించారు. గుంపులో ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకంలోకి జారిపోతుంది. పిల్లలు ఏం చూశారన్నది ఇప్పుడు విడదీయడం చాలా కష్టం.

మొదట బొమ్మ గీయించండి, తర్వాతే ప్రశ్నలు. 'కళ్లు పెద్దగా ఉన్నాయా?' అని అడిగితే పెద్ద కళ్లే వస్తాయి. 'ముఖం ఎలా ఉంది?' అనండి. 'తర్వాత?' అని ఊరుకోండి. వీలైతే వాళ్లు నిలబడిన చోటికే తీసుకెళ్లి, కర్రతో ఎత్తు చూపించమని మీ నట్టు పరికరంతో కొలవండి. హిప్నాటిజం చేసి గుర్తు తెప్పిస్తామనే వాళ్ల జోలికి పోవద్దు. 1961 సెప్టెంబరులో న్యూ హాంప్‌షైర్‌లో బెట్టీ, బార్నీ హిల్ దంపతుల కథ పెద్దదైంది 1964లో హిప్నాసిస్ తర్వాతే. చేసిన డాక్టరే అది బెట్టీ కలల నుంచి వచ్చిందని భావించాడు.

పడుకున్నవాళ్లకు కాళ్లూ చేతులూ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గదిలో ఆకారం ఉన్నట్టు అనిపిస్తే అది నిద్ర పక్షవాతం. మెదడు మేల్కొన్నా ఒళ్లు ఇంకా కలల స్థితిలోనే ఉండిపోవడం. నిమిషాల్లో పోతుంది.

చెట్టు మీదో అటక మీదో మెరిసే కళ్ల జీవి అంటే ముందు గుడ్లగూబను అనుమానించండి. 1952 సెప్టెంబరు 12న వెస్ట్ వర్జీనియాలోని ఫ్లాట్‌వుడ్స్‌లో ఉల్క పడిందని కొండెక్కిన పిల్లలకు పదడుగుల ఆకారం కనిపించి బుసకొట్టింది. అది కొమ్మ మీద కూర్చున్న బార్న్ ఔల్ అనే గుడ్లగూబ అని పరిశోధకుల అంచనా. అదే జాతికి చెందిన పిల్లలు 2017లో మన విశాఖపట్నంలో కట్టుబడిలో ఉన్న భవనంలో దొరికాయి. ఈకలు పూర్తిగా రాని తెల్లటి ఒళ్లు, హృదయాకారపు ముఖం, నల్లటి పెద్ద కళ్లు, మనుషుల్లా నిటారుగా నిలబడటం చూసి 'ఏలియన్ పిల్లలు' అంటూ వీడియో ఊరూరా తిరిగింది. గుడ్లగూబలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. ముట్టుకోకుండా అటవీ శాఖకు చెప్పండి.

ఫైలు ముగించడం

అమెరికా వైమానిక దళం 1969 దాకా 12,618 నివేదికలు పోగుచేసింది, బ్లూ బుక్ ప్రాజెక్టు పేరుతో. వాటిలో 701 తేలలేదు. తేలలేదు అంటే పై లోకం నుంచి వచ్చిందని కాదు, జవాబు దొరకలేదని అంతే. నాసా నిపుణుల బృందం 2023 సెప్టెంబరు నివేదికలోనూ గ్రహాంతరవాసుల ఆధారం దొరకలేదంది, మంచి కొలతలు లేకపోవడమే పెద్ద అడ్డంకి అంది.

మీరూ ప్రతి పేజీ కింద మూడింటిలో ఒకటి రాయండి: 'తేలింది', 'తేలినట్టే', 'తేలలేదు'. 'తేలింది' అంటే దిక్కు, ఎత్తు, సమయం మూడూ కలవాలి. రెండే కలిస్తే 'తేలినట్టే'. మూడోది రాసేటప్పుడు ఏ సంగతి దొరికితే తేలేదో కూడా పక్కన రాయాలి. ఇలా:

'వాయవ్యం, ఎత్తు 35 డిగ్రీలు, రాత్రి 8:12 నుంచి 8:15. నారింజ, మెరవలేదు, శబ్దం లేదు. కందిగింజ వెనక దాగింది. స్టెల్లేరియంలో ఏమీ లేదు. అంతరిక్ష కేంద్రం ఆ సమయానికి రాలేదు. తేలలేదు. గాలి ఎటు వీస్తోందో చూడటం మర్చిపోయాం.'

మళ్లీసారి జేబులో ఒక దూదిపింజ పెట్టుకోండి. వదిలితే గాలి ఎటో అదే చెబుతుంది.